ఒకటిన్నర చుట్టు

మొదటి అర చుట్టు వదులయింది. ఇంకో చుట్టు కావాలి. కుడి చేతి తొడుగు పళ్లతో లాగేసి జేబులో కుక్కుకున్నాను. తొడుగుతో ఈ చిన్న మర చిక్కదు, తొడుగు లేకపోతే ఇనుము వేలి చర్మాన్ని పట్టుకుని వదలదు. మైనస్ ఇరవై మూడు అని ఇందాక మైకులో చెప్పారు, చెప్పి నవ్వారు కూడా. అందుకే అలెన్ కీని చొక్కా లోపల చంకలో దాచుకుని, తిప్పేటప్పుడు మాత్రమే బయటికి తీస్తున్నాను. గడ్డకట్టిన సరస్సు మీద కార్ల పందెం, ఫైనల్‌కి ఇంకా నలభై నిమిషాలుంది. ఫిబ్రవరిలో మధ్యాహ్నమైనా సూర్యుడు సరస్సు ఒడ్డున ఉన్న చెట్ల కొసలు దాటి పైకి రాడు, నా నీడ మా బండి మీదుగా సాగి పక్క బండి మీద పడుతోంది, ఆ నీడ చేతిని చూసి ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని ఒక అడుగు పక్కకి జరిగాను. ఎవరూ చూడటం లేదు. సగం మంది బఠానీ సూప్ డేరా దగ్గర వరసలో ఉన్నారు, మిగతా సగం తమ బండ్ల కింద ఉన్నారు. మెకానిక్ బానెట్ కింద తల దూర్చడం కంటే మామూలు సంగతి ఇక్కడ మరొకటి లేదు. చూసినవాళ్లు కెర్తు వాల్వ్ సర్దుతోంది అనుకుంటారు, అంతకంటే ఏమీ అనుకోరు, నా గురించి ఎవరూ ఎప్పుడూ అంతకంటే ఎక్కువ అనుకోలేదు.

ఈ బ్లో-ఆఫ్ వాల్వ్ నా పిడికిలంత ఉంటుంది. టర్బో గాలిని నొక్కి ఇంజన్‌లోకి ఊదుతూ ఉంటుంది, మలుపు దగ్గర మా అక్క యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఇంజన్ తలుపు మూసుకుంటుంది, అప్పటిదాకా దూసుకొస్తున్న గాలికి పోయే దారి ఉండదు, వెనక్కి తిరిగి టర్బో రెక్కలనే కొడుతుంది. ఆ ఒక్క క్షణంలో తెరుచుకుని గాలిని బయటికి వదిలేయడమే దీని పని. పైన మర బిగిస్తే లోపలి స్ప్రింగు గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది. మరీ బిగిస్తే వాల్వ్ తెరుచుకోదు, గాలి వెనక్కి కొట్టుకుంటుంది. మరీ వదులైతే మూసుకుని ఉండాల్సినప్పుడు కూడా కారుతుంది, డ్రైవరు కాలు నేలకి అదిమినా బండికి ఊపిరి అందదు. ఒకటిన్నర చుట్టు చాలు. బండి ఆగిపోదు, పొగ రాదు, ఎవరికీ అనుమానం రాదు, మలుపు తర్వాత లేవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేస్తుంది అంతే. ఐదు రౌండ్ల ఫైనల్‌లో ఆ క్షణాలన్నీ కలిస్తే ఒక బండి పొడవు. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య దూరం.

గెలిస్తే బండి పోతుంది. మా పందేల్లో అదొక నియమం. పందెం అయ్యాక అరగంట సేపు సెక్రటరీ గుడిసెలో చీటీలు తీసుకుంటారు, ఏ బండి మీదైనా ఎవరైనా కొంటానని చీటీ వేయొచ్చు, అన్ని బండ్లకీ ఒకటే ధర, నియమాల పుస్తకంలో అచ్చయి ఉన్న ధర. చీటీ పడితే ఇచ్చి తీరాలి, ఇవ్వనంటే లైసెన్సు పోతుంది, ఒకటికి మించి పడితే డ్రా తీస్తారు. ఉన్నవాడు బంగారంలాంటి బండి తెచ్చి లేనివాళ్లని ఓడించకూడదని పెట్టిన నియమం. మంచి నియమమే, నేనూ ఒప్పుకుంటాను, వేరేవాళ్ల బండ్ల విషయంలో. ఈ ఎర్ర సాబ్ కారుని నేను మూడు చలికాలాలు కట్టాను. తుప్పు పట్టిన అడుగు నేనే కోసి నేనే అతికాను. నేను పనిచేసేది అడవిలో దుంగలు కోసే యంత్రాల విడిభాగాల కొట్లో, అక్కడి లేత్ మీద సాయంత్రాలు నిలబడి పారేసిన ఒక హైడ్రాలిక్ సిలిండర్ ముక్కలోంచి ఈ వాల్వ్‌ని తొలిచాను. కాగితాల్లో బండి మా అక్క ఊనా పేరు మీద ఉంది, డ్రైవరు అదే కాబట్టి. మైకులో ఊనా పేరు వస్తుంది, పత్రికలో ఊనా ఫొటో పడుతుంది, దానికి నాకు ఏ బాధా లేదు, నిజంగా లేదు. నాకు బండి ఉంటే చాలు. సోమవారం సాయంత్రం కొట్టం తలుపు తీస్తే అది అక్కడ ఉండాలి.

రెండో అర చుట్టు. కీ చల్లబడింది, మళ్లీ చంకలో పెట్టుకున్నాను, పక్కటెముకల మీద నిప్పు పెట్టినట్టు కాలింది, చలి కూడా కాలుతుంది. వెనక నుంచి మంచు మీద బూట్లు కిరకిరలాడాయి, చూడకుండానే తెలిసింది, ఆ బరువుతో నడిచేది తాయిస్తో మామ ఒక్కడే. ఊళ్లో అందరికీ మామే, కందకాలు తవ్వే యంత్రం ఉంది ఆయనకి, ఆ యంత్రంలో కూర్చుని కూర్చుని మనిషి కూడా అలాగే తయారయ్యాడు.

"ఏమ్మా కెర్తూ, నా బండికి ఏం చేస్తున్నావ్?"

"ఇంకా నీది కాలేదు మామా."

"కాలేదులే. చీటీ రాసేశాను, సంతకం ఒక్కటే బాకీ. మీ అక్కకి చెప్పు, గోడకి కొట్టొద్దని. గీత పడినా ఊరుకోను."

"నీకు అందులో కూర్చోడానికి సీటు పట్టదు."

"సీటు పీకేసి దుంగ మీద కూర్చుంటానే తల్లీ, నీకెందుకు?" అని నవ్వి, చేతిలోని సాసేజ్ కొరికి, వంగి నా భుజం మీదుగా చూశాడు. నా వేళ్లు ఆగిపోయాయి. ఆయన ఊపిరిలో ఆవాల ముద్ద వాసన. "సెమీఫైనల్‌లో దాని గొంతు విన్నావా? ప్స్ష్ అని. ఒక్కటే మాట, తెగ్గొట్టినట్టు. నేను సూప్ చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాను," అన్నాడు, ఈసారి నవ్వకుండా. అదే భయం నాకు. నవ్వుతూ అడిగేవాడు కొనడు, నవ్వడం మానేసినవాడు కొంటాడు. ఆయన వెళ్లిపోయాడు. ఆయన పొగిడింది నా వాల్వ్‌ని, నా ఇరవై అయిదేళ్లలో నా పనిని నా ముఖం మీద అంత చక్కగా ఎవరూ పొగడలేదు, ఆ మాట విని నాకు కలిగింది సంతోషం కాదు, ఇంకో అర చుట్టు త్వరగా తిప్పాలన్న తొందర.

ఆ గొంతు నాకు ఎలా తెలుసో చెప్పలేను. చిన్నప్పుడు బామ్మ ఇంట్లో పాల మీగడ తీసే యంత్రం ఉండేది, చేత్తో తిప్పేది, దాని పిడికి ఒక గంట. వేగం చాలనంత సేపూ గంట కొట్టుకుంటూనే ఉంటుంది, సరైన వేగం అందుకోగానే మానేస్తుంది. పాలు పోయాల్సింది అప్పుడే. అక్కకి తిప్పడం ఇష్టం, బలమంతా పెట్టి తిప్పేది, మాట్లాడుతూ, పాడుతూ, గంట మానేసిన సంగతి దానికి తెలిసేది కాదు, నేను పక్కన గిన్నె పట్టుకుని నిలబడి "ఇప్పుడు" అనేదాన్ని. అప్పుడు బామ్మ పోసేది. ఆ ఇంట్లో నేను పెద్దగా అన్న మాట అదొక్కటే అనుకుంటాను. బడిలో కూడా అంతే, ఊరి బడి, రెండు గదులు, పద్నాలుగు మంది పిల్లలం, కిటికీ అవతల చిత్తడి నేల. ఏప్రిల్లో ఆ చిత్తడి మీదకి నల్ల అడవికోళ్లు వచ్చి పొద్దున్నంతా గుడగుడమని బుడబుడమని ఒకటే రొద చేసేవి. వాల్వ్ మరీ బిగిస్తే టర్బో చేసే చప్పుడు సరిగ్గా అదే. మొదటిసారి అది విన్నప్పుడు కొట్టంలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఒక చప్పుడు ఎక్కడిదో అక్కడే ఉండిపోదు, వేరే చోటికి వచ్చి మళ్లీ పలకరిస్తుంది. అక్కకి ఇవేవీ వినపడవు. అది బండిని వీపుతో నడుపుతుంది, తొడలతో, అరికాలితో. సీటులో కూర్చుంటే బండి ఎక్కడ ముగుస్తుందో ఊనా ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

మూడో అర చుట్టు. ఒకటిన్నర. లాక్ నట్ మీద పానా వేసి బిగించాను, గట్టిగా, అవసరానికి మించి గట్టిగా, మనసు మార్చుకునే వీలు నాకే లేకుండా చేసుకున్నట్టు.

మొదటిసారి నేను కావాలని చేయలేదు. అది చెప్పుకోవాలి, ఎవరికి చెప్పుకోవాలో తెలియదు గానీ. రెండేళ్ల కిందట మొదటి ఫైనల్. ముందు రోజు శనివారం, శనివారమంటే సౌనా, ఆవిరి స్నానం, కొట్టంలో గడ్డకట్టుకుపోతూ పనిచేయడమెందుకని వాల్వ్‌ని విప్పి సౌనా ముందు గదిలోకి తెచ్చుకున్నాను. అక్కడ వెచ్చగా ఉంటుంది, బల్ల ఉంటుంది, వెలుగుంటుంది. లోపల అక్క వేడి రాళ్ల మీద నీళ్లు పోస్తూ ఉంది, తలుపు తీసినప్పుడల్లా ఆవిరి బుస్సున వస్తోంది, నేను ఆ ఆవిరిలో కూర్చుని పిస్టన్ తుడిచి, గ్రీజు పూసి, ఎంతో ముచ్చటగా బిగించాను. ఆవిరి లోపలికి పోతుందని తట్టలేదు. మా ఊళ్లో అందరూ అక్కడే పనులు చేసుకుంటారు, వలలు అక్కడే అల్లుతారు, పడవ మోటార్లు అక్కడే విప్పుతారు, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు సరస్సు మీద ఆ తేమ వాల్వ్‌లో గడ్డకట్టింది, పిస్టన్ సగంలో ఇరుక్కుపోయింది, అక్క రెండోది వచ్చింది. ఇంజన్ చివర్లో దగ్గుతూ నిలబడింది. ఆ దగ్గు విని ఎవరూ చీటీ వేయలేదు, జబ్బు బండిని ఎవరు కొంటారు. అరగంట అయింది, సెక్రటరీ గుడిసె తలుపు వేశాడు, బండి మాదే. అప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు, మంచులో కూర్చుండిపోయాను. అక్క పక్కన నిలబడి హెల్మెట్‌లో ఏడుస్తోంది, నేను ఊరటతో కూర్చున్నాను. అంటే ఓడిపోవడం ఎలాగో నాకు అప్పుడే తెలిసిపోయింది. తర్వాత రెండు ఫైనళ్లకీ ఆవిరి అక్కర్లేకపోయింది. అలెన్ కీ చాలింది.

అక్క వస్తోంది. డేరా దగ్గర నుంచి, రెండు కాగితపు గ్లాసులతో, మంచు మీద ఒలకకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ, పసుపు రంగు రేసు సూటు పైన నాన్న పాత కోటు. దారిలో ఎవరో "వెండి ఊనా! ఇవాళైనా రంగు మారుతుందా?" అని అరిచారు, మూడుసార్లు రెండో స్థానం వచ్చినదానికి పెట్టిన పేరది, అక్క వేలు చూపించి నవ్వింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు లేదు.

"తాగు. చేతులు చూడు ఎలా అయ్యాయో. తొడుగేదే?"

"జేబులో."

"జేబుకి చలేస్తోందా?"

కాఫీ అందుకున్నాను. అక్క పక్కనున్న విడి చక్రం మీద కూర్చుంది, సూప్ తాగలేదు, ఆవిరి పోతుంటే చూస్తూ ఉంది. ఇరవై నిమిషాలు అన్నారు మైకులో. మౌనంగా ఉండటం నాకు కష్టం కాదు, అక్కకి కష్టం, అది మౌనంగా ఉందంటే ఏదో ఉంది. దూరంగా ఫైనల్‌కి రానివాళ్ల పందెంలో బండ్ల రొద, మేకుల టైర్లు మంచుని గీరుతున్న చప్పుడు, మధ్యలో అక్క గొంతు, నాకు చెబుతున్నట్టు కాకుండా గ్లాసుకి చెబుతున్నట్టు.

"నీకొకటి చెప్పలేదు కెర్తూ. జనవరిలో నర్సు దగ్గరికెళ్లాను. నిద్రకి మాత్రలిచ్చింది."

"ఎందుకు?"

"కాలు. నా కాలు నా మాట వినట్లేదే. ఫైనల్‌లో మలుపు తిరిగి అదుముతాను, అదిమాననే అనుకుంటాను, బండి పోదు. సెమీస్‌లో పోతుంది, ప్రాక్టీసులో పోతుంది, ఫైనల్‌లో పోదు. బండి అదే, నువ్వదే, దారీ అదే. మరి మిగిలిందెవరు? నేనే. అదిమాననుకుంటున్నాను గానీ అదమట్లేదన్నమాట. భయం. నర్సు కూడా అదే అంది, ఒళ్లు మనకి తెలియకుండానే వెనక్కి లాగుతుందట."

అక్క కుడి బూటుతో మంచుని ఒకసారి అదిమి చూసింది.

"నవ్వకు మరి. పోయిన నెల డ్యూటీలో టపా వ్యాన్ నడుపుతూ, చర్చి వెనక ఆ కొండ ఉంది చూడు, అక్కడ. సగం ఎక్కాను. ఎదురుగా దుంగల లారీ దిగుతోంది. ఇప్పుడు ఈ కాలు నేను చెప్పింది చేస్తుందా లేదా అనిపించింది. పక్కకి తీసి ఆపేశాను. అరగంట కూర్చున్నాను కెర్తూ. ఇంజన్ ఆన్‌లోనే ఉంది, కాలు పెట్టలేకపోయాను. వెనక పెన్షన్ కవర్లు, ముసలాళ్లంతా ఎదురుచూస్తుంటారు, నేను అక్కడ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను." గ్లాసు మంచు మీద పెట్టింది. "ఇవాళ కూడా అంతే అయితే లోపలి పని అడిగేస్తాను. ఉత్తరాలు విడదీసే బల్ల దగ్గర. ఎవరినీ చంపకముందే."

"సరే," అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది, ఎందుకు వచ్చిందో తెలియదు, నాకు ఎప్పుడూ వచ్చేది అదొక్కటే. అక్క నా చెంప మీద తట్టి, "నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంటుంది, హాయిగా ఉంటుంది," అని లేచి హెల్మెట్ కోసం వెళ్లింది. నేను కాఫీ ఎక్కడ పెట్టానో తెలియదు. ఆ కొండ నాకు తెలుసు, ఇరుకు, ఒక పక్క బండరాయి, ఒక పక్క లోయ కాకపోయినా లోయలాంటిదే, అక్కడ ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చున్న మనిషి, ఐదేళ్లప్పుడే ట్రాక్టర్ ఎక్కి నడిపిన మనిషి, గంట మానేసినా తిప్పుతూనే ఉండే మనిషి, తన కాలిని తాను నమ్మలేక. నేను తిప్పింది స్ప్రింగుని అనుకున్నాను. ఒకటిన్నర చుట్టు, వెనక్కి తిప్పితే మళ్లీ మామూలే, దేనికీ దెబ్బ తగలదు, ఇంత చక్కని మోసం లోకంలో ఉండదు అనుకున్నాను, అది పోయి పోయి ఎక్కడ వదులైందో చూడు. రెండేళ్లు. అక్క నిద్ర కోసం మాత్రలు వేసుకుంది, నేను పక్క గదిలో హాయిగా నిద్రపోయాను, కొట్టంలో బండి ఉందని.

"ఫైనల్ బండ్లు వరసలోకి రండి," అని మైకు. పన్నెండు నిమిషాలు. అక్క అప్పుడే సీటులోకి దూరుతోంది, బెల్టులు లాగుతోంది. బానెట్ పిన్నులు పీకాను. "మళ్లీ ఏంటే?" అంది లోపలి నుంచి. "ఒక్క నిమిషం," అన్నాను. పానా లాక్ నట్ మీద వేశాను. కదల్లేదు. నేనే కదా బిగించింది. రెండు చేతులతో లాగాను, పానా జారి వేలి కణుపు గొట్టం పట్టీకి తగిలి తోలు లేచిపోయింది, రక్తం వచ్చిందో లేదో చలికి తెలియలేదు. మళ్లీ వేశాను. పక్క బండ్లు కదిలి వెళ్లిపోతున్నాయి, పొగ నా మొహం మీదకి వస్తోంది, ఆరింటిలో నాలుగు వెళ్లాయి, ఐదోది వెళ్తోంది. వీపు ఆనించి ఒళ్లంతా బరువు వేసి తోశాను, టప్‌మని వదిలింది. కీ తీశాను, చంకలోంచి తీసిన వేగానికి చేతిలోంచి ఎగిరి ఇంజన్‌లో పడింది. వినపడింది ఎక్కడ పడిందో, పొగ గొట్టాల వెనక, టర్బో కింద, చిన్నగా ఠంగ్‌మని. చెయ్యి లోపలికి పెట్టాను. ఇంజన్ గడ్డకట్టకుండా ఇందాక వెచ్చబెట్టిన వేడి ఇంకా ఉంది అక్కడ, మణికట్టు లోపలి వైపు ఆ ఇనుముకి తగిలింది, ఒక చెయ్యి గడ్డకడుతోంది ఒక చెయ్యి కాలుతోంది, రెండూ నావే, కళ్లల్లో నీళ్లు వచ్చి రెప్పల మీదే మంచైపోయాయి. వేలి కొసకి కీ తగిలింది. జారింది. మళ్లీ తగిలింది.

"అమ్మాయ్! బానెట్ మూయ్! మీ కోసం సరస్సు కరిగేదాకా ఆగాలా?" జెండా పట్టుకున్న ముసలాయన అరుస్తున్నాడు. కీ మరలో పెట్టి బిగించాను, అర, ఒకటి, ఇంకా అర అనుకునేసరికి తెలిసింది, లాక్ నట్ వదిలినప్పుడు మర కూడా దానితో కొంచెం తిరిగిపోయింది, ఎంత తిరిగిందో నాకు తెలియదు, లెక్క పోయింది. ఇప్పుడు ఒకటిన్నర అంటే ఏ ఒకటిన్నర. బిగించడం ఎక్కువైతే మలుపులో గాలి వెనక్కి కొట్టి టర్బో ఆగుతుంది, తక్కువైతే మళ్లీ అక్క కాలిదే తప్పు అవుతుంది. "అక్కా, స్టార్ట్ చెయ్! అదిమి వదులు!" అని అరిచాను. నేను అరవడం విని అక్క మారు మాట్లాడకుండా చేసింది. గుడగుడ. ఏప్రిల్ చిత్తడి, అడవికోడి. ఎక్కువ బిగిసింది. పావు వెనక్కి. "మళ్లీ!" గుడ, తర్వాత ప్స్ష్. ఇంకా ఉంది, చివర్లో చిన్న వణుకు ఉంది. ముసలాయన నా పక్కకే వచ్చేశాడు, "రెండు నిమిషాలు, ఆ తర్వాత మీరు లేకుండానే," అంటున్నాడు, తాయిస్తో మామ ఎక్కడి నుంచో "ఆగవయ్యా బాబూ, డాక్టరు గుండె చూస్తుంటే ఊపిరి పీల్చొద్దా!" అని అరుస్తున్నాడు, కళ్లు మూసుకున్నాను, పిడి మీద గంట మానే క్షణం కోసం ఎలా నిలబడేదాన్నో అలా నిలబడ్డాను. ఎనిమిదో వంతు. "మళ్లీ!" ప్స్ష్. ఒక్కటే మాట. లాక్ నట్ బిగించాను, సరిపోయినంతే బిగించాను. బానెట్ వేశాను. అక్క అద్దంలోంచి నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది, ఇవాళ నీకేమైంది అన్నట్టు, అప్పటికే బండి కదిలిపోయింది.

ఫైనల్ నేను చూడలేదు. ట్రాక్‌కి వీపు పెట్టి మంచు గట్టు మీద కూర్చున్నాను, మణికట్టుని మంచులో గుచ్చి. ఆరు ఇంజన్లు ఒక్కసారి లేచాయి, కలగాపులగంగా మొదటి మలుపులోకి పోయాయి, ఆ గందరగోళంలోంచి నాది నాకు వినపడింది, ప్స్ష్, వెంటనే లేచింది, ఆలస్యం లేదు. రెండో మలుపు, ప్స్ష్. మొదటి రౌండు అయింది. ఎవరి తర్వాత ఎవరున్నారో తెలియదు, తల తిప్పితే తెలుస్తుంది, తిప్పలేదు. రెండో రౌండులో ఎవరిదో బండి గోడకి తగిలిన చప్పుడు వచ్చింది, తర్వాత ప్స్ష్, తగిలింది మాది కాదు. నా పక్కన ఉన్నవాళ్లు అరవడం మొదలుపెట్టారు, ఏం అరుస్తున్నారో వినలేదు, మూడు, నాలుగు, అక్క కాలు తీసినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టాను, అది అదిమినప్పుడు వదిలాను. అది అదుముతోంది. ఎలా అదుముతోందో. ఐదో రౌండు చివరి మలుపులో మాత్రం వాల్వ్ పలకలేదు, అసలు పలకలేదు, లేచి నిలబడ్డాను, ఇరుక్కుపోయిందనుకున్నాను, గడ్డకట్టిందనుకున్నాను, తర్వాత అర్థమైంది, అక్క ఆ మలుపులో కాలే తీయలేదు.

జనం పరుగెత్తారు. నేను నడిచాను. పరుగెత్తినవాళ్లలో కొందరు బండి వైపు కాకుండా సెక్రటరీ గుడిసె వైపు పోతున్నారు, అందరికంటే ముందు తాయిస్తో మామ, అంత బరువు మనిషి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. అక్క కిటికీ జాలీ తప్పించి బయటికి వచ్చి పైకప్పు మీద కూర్చుని ఉంది, హెల్మెట్ తీసేసింది, జుట్టులోంచి ఆవిరి లేస్తోంది. నన్ను చూడగానే కిందికి దూకి రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "చూశావా? కాలు చూశావా? నా మాట వింది కెర్తూ! చివర్లో తీయమని ఒళ్లు మొత్తుకుంది, తీయలేదు నేను! పోయింది, ఆ భయం పోయింది!" ఇలా వదిలేయొచ్చు. గెలిచింది, భయం పోయిందనుకుంటోంది, సోమవారం ఆ కొండ ఎక్కుతుంది. నేను నోరు మూసుకుంటే చాలు, నోరు మూసుకోవడం నాకు వచ్చిన విద్య. కానీ మళ్లీ ఎప్పుడైనా ఒక చలి రోజున ఏదో ఒక బండి దాని కింద ఒక్క క్షణం తడబడితే, పాపం మళ్లీ తన కాలినే అనుమానిస్తుంది.

"నీ కాలు ఎప్పుడూ నీ మాట వింటూనే ఉంది అక్కా. వాల్వ్ నేను వదులు చేశాను."

"ఏంటి?"

"ఫైనల్‌కి ముందు. గెలిస్తే బండి పోతుందని."

అక్క చేతులు ఇంకా నా భుజాల మీదే ఉన్నాయి. "ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. మొదటిసారి పొరపాటు. ఇవాళ కూడా చేశాను. మళ్లీ బిగించాను."

ఎవరో వచ్చి అక్క వీపు మీద చరిచి పోయారు, ఇంకెవరో మెడలో దండ వేశారు, అక్క కదల్లేదు. చాలాసేపటికి చేతులు తీసింది, కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండును. "ఆ కొండ దగ్గర అరగంట కూర్చున్నానే," అంది, నెమ్మదిగా, గొంతు పెంచకుండా. అంతే. హెల్మెట్ బానెట్ మీద పెట్టి, దండతోనే సెక్రటరీ గుడిసె వైపు వెళ్లిపోయింది. ఓనరు సంతకం దానిదే కావాలి.

ఏడు చీటీలు పడ్డాయట. ఎవరిదో బొచ్చు టోపీలో వేసి తీశారట. నేను వెళ్లలేదు, బండి పక్కనే నిలబడ్డాను, ఇంజన్ చల్లబడుతూ టిక్ టిక్‌మంటోంది, ఒక్కో టిక్‌కీ మధ్య దూరం పెరుగుతోంది. తాయిస్తో మామ మొహం వేలాడేసుకుని నా ముందు నుంచి పోయాడు. ఆయనకి రాలేదన్నమాట. వస్తే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది, కనీసం ఊళ్లో ఉండేది, కందకాల పక్కన ఎక్కడో కనపడేది. తర్వాత అక్క వచ్చింది, వెనక ఒక లావుపాటి ఆవిడ, పాల డెయిరీలో వేసుకునే నీలం ఓవరాల్స్ మీద కోటు, పక్క మండలం మనిషిలా ఉంది, నేనెప్పుడూ చూడలేదు. చేతిలో చీటీ మడత ఇంకా విప్పి పట్టుకునే ఉంది, నిజమో కాదో అన్నట్టు.

"బండి ఈవిడకి వచ్చింది," అంది అక్క, నన్ను చూడకుండా. "కట్టింది మా చెల్లెలు. ఏదడగాలన్నా దాన్నే అడగండి."

ఆవిడ తొడుగు తీసి నాకు చెయ్యి ఇచ్చింది, నా వేళ్ల మీద రక్తం చూసి మెల్లగా పట్టుకుంది. బానెట్ మీద చెయ్యి వేసి, ఆవు వీపు నిమిరినట్టు నిమిరి, "మా అమ్మాయి నడుపుతుందమ్మా, ఈ ఏడే లైసెన్సు వచ్చింది. తర్వాత కిందా మీదా పడకుండా ముందే అడుగుతున్నాను, దీంట్లో ఏమైనా కిటుకుందా?" అంది.

లేదని చెప్పొచ్చు. లేదంటే ఆ వాల్వ్ సంగతి ఎవరికీ తెలియదు, రెండు వారాల్లో గుడగుడమంటుంది, ఆ పిల్లకి ఎందుకో అర్థం కాదు, చవగ్గా మళ్లీ అమ్మకానికి వస్తుంది. అంత దూరం ఆలోచించాను, ఆలోచించానని ఒప్పుకుంటాను.

"ఉంది," అన్నాను. పిన్నులు పీకి బానెట్ ఎత్తాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆపకుండా వస్తోంది. "ఇదిగో, ఈ డబ్బా. చలి ఇరవై దాటితే పావు చుట్టు వదులు చేయాలి, అంతకు మించి కాదు. వెచ్చటి చోట సర్దొద్దు, బయటే, ఏ చలిలో నడుపుతారో ఆ చలిలోనే సర్దాలి. మీ అమ్మాయిని లోపల కూర్చోబెట్టి అదిమి వదలమనండి, మీరు ఇక్కడ నిలబడండి. రండి, చూపిస్తాను, చెయ్యి ఇక్కడ పెట్టండి." ఆవిడ వంగింది. నేను కీ మరలో పెట్టాను. అక్క వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. బానెట్‌కి అవతల నిలబడి, చేతులు కట్టుకుని, నా వేళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తోంది.